నడుము నొప్పి ముదురుతోందా? భార్యాభర్తలు కలిసి చదవవలసిన పాఠం

పోయిన మిరపకోతల కాలంలో మా ఆరోగ్య కేంద్రం పరిధిలోని ఒక గ్రామానికి కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడటానికి వెళ్ళాను. రామాలయం అరుగు మీద ముప్పై మందికి పైగా స్త్రీలు, ఎదురుగా వేపచెట్టు కింద పది పదిహేనుమంది మగవాళ్ళు కూర్చున్నారు. పిల్లల మధ్య ఎడం గురించీ, చాలనుకున్నాక చేయించుకునే ఆపరేషన్ గురించీ నేను చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఒకామె లేచి నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. చెయ్యి నడుము మీద పెట్టుకునే లేచింది.

"అక్కా, నువ్వు బాగానే చెప్తన్నావు గాని, ఆ ఆపరేషన్ అయిన కాణ్ణించే నా నడుం ఇట్టా పోయింది. వంగితే లేవలేను. ఏడాదేడాదికీ ముదరతావుంది. ఇంకొకళ్ళని చేయించుకోమని నేనెట్టా చెప్పేది?"

"మాకూ అంతే, మాకూ అంతే" అన్నారు చుట్టుపక్కల వాళ్ళు.

నిజం చెప్పాలంటే నాకు వెంటనే జవాబు తోచలేదు. "అది అపోహ" అని కొట్టిపారేస్తే ఆమె నొప్పి అబద్ధమన్నట్టు అవుతుంది. ఆమె నొప్పి అబద్ధం కాదు, ముఖంలోనే కనిపిస్తోంది. చివరికి ఒక పని చేశాను. నడుము నొప్పి వున్న వాళ్ళందరినీ చేతులెత్తమన్నాను. దాదాపు అరుగంతా ఎత్తింది. "ఏ ఆపరేషనూ కానివాళ్ళు మాత్రం చెయ్యి దించకండి" అన్నాను. ఇంకా పిల్లలు పుట్టని ఒక కొత్తకోడలు దించలేదు. ఆపరేషన్ల మాట తెలియని రోజుల్లో ఏడుగురిని కన్న ఒక ముసలమ్మ దించలేదు. వేపచెట్టు వైపు తిరిగి మగవాళ్ళను అడిగాను. బస్తాలు మోసే హమాలీ, రోజంతా ట్రాక్టరు తోలే కుర్రవాడు, ఇంకా నలుగురైదుగురు నవ్వుతూనే చేతులెత్తారు. వాళ్ళెవరికీ ట్యూబులు కోయలేదు గదా!

ఆమె కూర్చుంది గాని, ఆమె ప్రశ్న మాత్రం కూర్చోలేదు. ఆ రోజు అరుగు మీద చెప్పలేకపోయినవన్నీ ఈ కాగితాల్లో రాస్తున్నాను.

ఆపరేషన్‌కూ నడుముకూ ఏం సంబంధం?

గర్భసంచికి అటొకటి ఇటొకటి సన్నని గొట్టాలు రెండు వుంటాయి. ఒక్కొక్కటి సుమారు పది సెంటీమీటర్ల పొడవు. అండాన్ని గర్భసంచిలోకి చేర్చే దారి అది. స్త్రీలకు చేసే ఆపరేషన్‌లో ఆ దారిని కోసి ముడి వేస్తారు, లేదా చిన్న రింగు వేసి మూసేస్తారు. అంతకు మించి ఏదీ తీయరు. అండాశయాలు వున్నచోటనే వుంటాయి, వాటి పని అవి చేస్తూనే వుంటాయి. ముట్టు మామూలుగానే వస్తుంది. ఆ గొట్టాలు వెన్నెముకకు ఆనుకుని వుండేవీ కావు, నడుమును నిలబెట్టేవీ కావు. కాబట్టి వాటిని మూసినందువల్ల నడుము బలం తగ్గే దారి లేదు.

"నడుముకు సూది గుచ్చి మత్తు ఇచ్చారు, అది జీవితమంతా పీకుతూనే వుంటుంది" అని మరొక మాట వినబడుతుంది. ట్యూబుల ఆపరేషన్ చాలామందికి నడుములో సూది లేకుండా, పొట్ట దగ్గర తిమ్మిరి మందు ఇచ్చే చేస్తారు. కాన్పు సిజేరియన్ అయితే నడుములో మత్తు సూది ఇస్తారు. సూది దిగిన చోట కొద్ది రోజులు సలుపు వుండటం నిజమే. ఏళ్ళ తరబడి వుండే నొప్పికి అది కారణం కాదు. పైప్ పెట్టి చేసే ఆపరేషన్‌లో కడుపులోకి గాలి ఎక్కిస్తారు కనుక ఒకటి రెండు రోజులు భుజం నొప్పి కూడా రావచ్చు, దానికి భయపడనక్కరలేదు. జ్వరం వచ్చినా, కడుపు నొప్పి పెరుగుతున్నా, కుట్టు దగ్గర చీము కనబడినా మాత్రం ఆగకుండా వెనక్కి రండి.

మరి అంతమందికి ఆపరేషన్ తర్వాతే నొప్పి ఎందుకు మొదలవుతుంది? తాటిచెట్టు మీద కాకి వాలడం, అదే క్షణాన పండు రాలడం గురించి మన పెద్దలు చెబుతారు. ఇక్కడ జరిగేది అదే. మన పల్లెల్లో పద్దెనిమిది పందొమ్మిదేళ్ళకు పెళ్ళి, ఇరవై మూడు ఇరవై నాలుగుకల్లా ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్. కడుపుతో వున్నప్పుడు పొట్ట కండరాలు సాగి బలం తగ్గుతాయి. తుంటి కీళ్ళను పట్టి వుంచే నరాల్లాంటి కట్లు వదులవుతాయి. అవి తిరిగి బిగియడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఒళ్ళో బిడ్డకు వంగి పాలివ్వాలి, ఏడాది బిడ్డను ఒకే చంకన వేసుకుని తిరగాలి, మూడో నెలకే మళ్ళీ కూలికి పోవాలి. నొప్పి పుట్టడానికి కావలసిన సరంజామా అంతా ఆపరేషన్ నాటికే ఇంట్లో చేరి వుంటుంది. అయితే వాటికి తేదీ లేదు, ఆపరేషన్‌కు తేదీ వుంది. మనసు తేదీ వున్నదాన్నే పట్టుకుంటుంది.

మగవారి ఆపరేషన్ గురించీ ఒక మాట. కోత, కుట్టు లేని వేసెక్టమీ కొద్ది నిమిషాల పని. వీర్యకణాలు వచ్చే సన్నని నాళాన్ని మూస్తారు, అంతే. మగతనం తగ్గదు, నడుము పట్టు తప్పదు. రెండు రోజులు తేలిక పనులకే పరిమితమై, వారం పాటు బరువులు, సైకిలు మానుకుంటే చాలు. మూడు నెలల వరకు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవడం మరవకూడదు. ఇంట్లో ఆమె నడుము అప్పటికే నొప్పితో వుంటే, ఈ ఒక్క పనైనా ఆయన తన మీద వేసుకోవచ్చు గదా అని నాకు అనిపిస్తుంది. చాలామంది మగవాళ్ళు ఈ మాట వినగానే వేపచెట్టు కొమ్మల్లోకి చూస్తారు!

నొప్పి అసలు ఎక్కడ పుడుతుంది?

వెన్నెముకలో పుట్టుకతో 33 పూసలు వుంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5. మిగతా 9 పెద్దయ్యేసరికి అతుక్కుపోతాయి. నడుములోని ఐదు పూసల మీదనే పైశరీరం బరువంతా ఆనుతుంది. కదిలే పూసల మధ్య ఒక్కొక్క మెత్త వుంటుంది. చుట్టూ గట్టి నార పొరలు, లోపల జిగురు పదార్థం. దీన్నే డిస్కు అంటారు. పూసల వెనుకా పక్కలా కండరాలు గడ సినిమా గుడారానికి కట్టిన తాళ్ళలాగా పట్టి వుంచుతాయి. తాళ్ళు వదులైతే గుడారం గడ వంగినట్టే, కండరాలు బలహీనమైతే భారం పూసల మీదా మెత్తల మీదా పడుతుంది.

ఇంట్లో రోకలి వుంటే చివర పట్టుకుని ఎత్తి చూడండి. తర్వాత మధ్యలో పట్టుకుని ఎత్తండి. అదే రోకలి, అదే చెయ్యి, అయినా చివర పట్టుకుంటే మణికట్టు విరిగినట్టుంటుంది. నడుము విషయం కూడా ఇంతే. పది కిలోల బిడ్డను చేతులు చాపి, నడుముకు నలభై సెంటీమీటర్ల దూరాన ఎత్తారనుకోండి. వెన్నుకు వెనక వున్న కండరం లాగేది సుమారు ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి. అంటే ఆ కండరం ఎనిమిది రెట్లు, దాదాపు ఎనభై కిలోల బలంతో లాగాలి. పైగా వంగినప్పుడు మన ఒంటి బరువు కూడా ముందుకు వాలుతుంది. అదే బిడ్డను పొట్టకు ఆనించి ఎత్తితే ఆ బలం సగానికి సగం తగ్గుతుంది. నేను బి.ఎస్సీ.లో ఎముకల పేర్లన్నీ అప్పజెప్పాను. బావిలో బిందె ఎట్లా తోడాలో ఎవరూ చెప్పలేదు. రెండో బిడ్డ పుట్టాక నా నడుమే నాకు చెప్పింది.

నూటికి తొంభై మందిలో నడుము నొప్పి ఇలాంటిదే. కండరాలు, కీళ్ళు, కట్లు అలిసి నొచ్చుకోవడం. ఏ ఒక్క పూసనో వేలు పెట్టి చూపించడం సాధ్యం కాదు, చూపించవలసిన అవసరమూ లేదు.

అలాగని వంగడమే నేరమనుకోకండి. నడుము వంగడానికే వుంది. నాట్లు వేసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు గంటల తరబడి ఒకే వంపులో వుండిపోవడం, ఆ వంపులోంచి లేవగానే నారుకట్టనో గంపనో ఎత్తడం, ఇవే చేటు. చాలాసేపు వంగి వున్నాక వెన్ను కట్లు సాగి వుంటాయి. అవి సర్దుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. కాబట్టి అరగంటకొకసారైనా లేచి, రెండు చేతులూ నడుము వెనక పెట్టి, మెల్లగా ఐదారుసార్లు వెనక్కి వాలండి. తర్వాతే బరువు ఎత్తండి. మేస్త్రీ గొణిగితే గొణగనివ్వండి. నడుము పట్టేసి మూడు రోజులు కూలి పోవడం కంటే రెండు నిమిషాలు పోవడం నయం.

ఎందుకు ముదురుతుంది?

మామూలు నడుము నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అలా తగ్గవలసిన నొప్పి ఏళ్ళ తరబడి ముదరడానికి తరచు మన చేతలే కారణం.

మొదటిది మంచం పట్టడం. "కదిలితే డిస్కు జారుతుంది" అనే భయంతో వారాల తరబడి పడుకునే వాళ్ళున్నారు. పడుకున్న కండరం ఎండిన తోలులాగా బిగుసుకుపోతుంది, బలం పోతుంది. లేచి చిన్న పని చేసినా నొస్తుంది. నొచ్చిందని మళ్ళీ పడుకుంటారు. 1986లో అమెరికాలో 203 మంది నడుము నొప్పి రోగులను రెండు జట్లు చేసి పరీక్షించారు. ఒక జట్టుకు రెండు రోజులు, రెండో జట్టుకు ఏడు రోజులు మంచం మీద విశ్రాంతి చెప్పారు. నొప్పి తగ్గడంలో ఇద్దరికీ తేడా లేదు. రెండు రోజుల జట్టు మాత్రం 45 శాతం తక్కువ పనిదినాలు పోగొట్టుకుంది. పల్లెలో కూలితో బతికేవాళ్ళకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కరలేదు.

రెండోది సూదులూ పొట్లాలూ. నొప్పి వచ్చినప్పుడల్లా బండి మీద వచ్చే ఆర్.ఎం.పి. చేత సూది వేయించుకోవడం, పేరు లేని కాగితపు పొట్లంలో నాలుగు రంగుల మాత్రలు తెచ్చుకోవడం అలవాటైపోయింది. అందులో స్టెరాయిడ్ వుంటే ఆ పూట హాయిగానే వుంటుంది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పుడు నిజంగానే పూస విరిగే ప్రమాదం వస్తుంది. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే, అన్నం తిన్నాకే వేసుకోవాలి. అతిగా వాడితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కడుపుతో వున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్కటి కూడా వేసుకోకూడదు.

మూడోది ఫోటోల భయం. స్కానింగ్ తీయించి "డిస్కు ఉబ్బింది, అరిగింది" అని రాసిన కాగితం పట్టుకుని ఏడ్చే వాళ్ళను చూశాను. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కానింగులను అన్నిటినీ కలిపి 2015లో లెక్క వేస్తే, నలభై ఏళ్ళ వాళ్ళలో సగం మందికి డిస్కు ఉబ్బే వుంది. తల నెరిసినట్టే అదీ వయసుతో వచ్చే మార్పు. డాక్టరు ప్రమాద చిహ్నాలు చూసి అవసరమంటేనే ఫోటో తీయించాలి.

నడుముకు బెల్టు కట్టుకుంటే మంచిదా అని చాలామంది అడుగుతారు. ఎప్పటినుంచో వుండే నొప్పికి బెల్టులూ, బరువులు కట్టి లాగే వైద్యమూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. ఇక పిల్లల చేత నడుము తొక్కించుకోవడం, ఎవరి చేతనో టకటకమని విరిపించుకోవడం గురించి నేను రాయవలసిన పని లేదనుకుంటాను. గోరువెచ్చని నూనెతో మెల్లగా మర్దన, వేణ్ణీళ్ళ కాపడం లేదా వేడి ఇసుక మూట పావుగంట సేపు మంచివే. చర్మం కాలకుండా చూసుకోండి. గట్టి నేల మీదే పడుకోవాలన్న నియమం లేదు గాని, గోతిలాగా దిగిపోయిన నులక మంచాన్ని మాత్రం బిగించండి.

రోజూ చేయవలసినవి

ఇవి మందుల కన్నా బలమైనవి. పొద్దున లేచి ఒళ్ళు వెచ్చబడ్డాక చాప మీద చేయండి. ఆడా మగా అందరూ చేయవచ్చు. సిజేరియన్ అయినవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పాదాలు నేల మీదే వుండాలి. నడుముకూ చాపకూ మధ్య అరచెయ్యి దూరే సందు వుంటుంది. పొట్టను లోపలికి బిగించి ఆ సందు మూసుకుపోయేట్టు నడుమును నేలకు అదమండి. ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. ఊపిరి బిగపట్టకండి.

అదే భంగిమలో పిరుదులు బిగించి నడుమును పైకి లేపండి, భుజాల నుంచి మోకాళ్ళ దాకా వంతెనలాగా. ఐదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఇదీ పదిసార్లు.

మూడోది పారాడే బిడ్డలాగా చేతులూ మోకాళ్ళూ ఆన్చి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాపండి. తర్వాత ఎడమచెయ్యి, కుడికాలు. మొదట్లో పడిపోతారు, పిల్లలు నవ్వుతారు. వారంలో పట్టు దొరుకుతుంది.

బిడ్డను కన్న ప్రతి తల్లీ చేయవలసింది మరొకటి వుంది. మూత్రం మధ్యలో ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి, ఐదు లెక్కపెట్టి వదలాలి. కూర్చున్నా నిలబడ్డా ఎవరికీ తెలియకుండా చేయవచ్చు.

వీటికి తోడు నడక. పొలం పని వేరు, నడక వేరు. చేతులు ఊపుకుంటూ, నెత్తిన బరువు లేకుండా ఇరవై నిమిషాలు నడవండి. మొదటి వారం కొంచెం నొప్పి పెరిగినట్టుంటుంది, అది చెడు గుర్తు కాదు. ఆరు వారాలు విడవకుండా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. నాలుగు రోజులు చేసి "ఏం లాభం లేదక్కా" అనేవాళ్ళే ఎక్కువ.

ఇంటాయనకు

బిందె నీళ్ళు పదిహేను కిలోలు, గ్యాసు నిండిన సిలిండరు దాదాపు ముప్పై కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు. ఇవి ఆమె ఒక్కతే ఎత్తవలసినవి కావు, మీరూ ఒక్కరే ఎగేసుకుని మోయవలసినవి కావు. ఇద్దరూ చెరొక వైపు పట్టండి. బస్తాను రెండు గోతాల్లోకి సగం సగం చేసుకుంటే ఒక నడక ఎక్కువవుతుంది, అంతే. ఎత్తేటప్పుడు బరువుకు దగ్గరగా నిలబడి, మోకాళ్ళు మడిచి, పొట్టకు ఆనించుకుని లేవాలి. ఎత్తి పట్టుకుని నడుము తిప్పకూడదు, పాదాలు తిప్పాలి.

చీపురుకు పొడుగు కర్ర కట్టండి. పొయ్యి గట్టు మీద పెట్టండి. ఈ రెండింటికీ డబ్బు పెద్దగా అక్కరలేదు, వంగే పని సగం తగ్గుతుంది. "మా అమ్మ ఇట్లాగే వూడ్చింది" అని అత్తగారు అనవచ్చు. ఆవిడ నడుము ఎట్లా వుందో ఒకసారి చూసి జవాబు చెప్పండి.

బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కూడా నడుముకు మందే. కాన్పయ్యాక కనీసం రెండేళ్ళు ఆగి మళ్ళీ గర్భం దాలిస్తే సాగిన కండరాలకు కోలుకునే వ్యవధి దొరుకుతుంది. కాపర్-టి, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్, మాత్రలు, నిరోధ్ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. కాపర్-టి వేయించుకున్న కొద్ది రోజులు పొత్తికడుపులో, నడుములో పీకినట్టుండవచ్చు. అది తగ్గిపోతుంది. తగ్గకపోయినా, జ్వరమూ దుర్వాసన గల తెల్లబట్టా తోడైనా నర్సమ్మకు చెప్పండి.

నడుము నొప్పి వుందని దంపతులు దూరంగా పడుకోనక్కరలేదు. ఇద్దరూ పక్కకు తిరిగి పడుకుని, లేదా నొప్పి వున్నవారు వెల్లకిలా మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, నొప్పి లేని భంగిమ చూసుకోవచ్చు. సిగ్గుపడి చెప్పకపోతే రెండోవారు దాన్ని అయిష్టమనుకుంటారు, అక్కడినుంచి కోపతాపాలు. కలయికలో లోపల నొప్పిగా వుంటే అది వేరే విషయం, పరీక్ష చేయించుకోవాలి.

గర్భసంచి జోలికి పోకండి

అరుగు మీద లేచి అడిగిన ఆమె సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో చూపించుకుందట. "గర్భసంచికి వాపు, తీసేస్తే నడుము నొప్పీ తెల్లబట్టా రెండూ పోతాయి, వుంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. ఆపరేషన్‌కు నలభై వేలు. మెడలో బంగారం తాకట్టు పెట్టి డబ్బు తెచ్చి ఇంట్లో వుంచారు. వచ్చే వారమే ప్రయాణం.

ఇలాంటి కథ మన దగ్గర కొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, యాభై ఏళ్ళలోపే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా వున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొదటి వరుసలో వున్నాయి. అవసరం లేకుండా గర్భసంచులు తీసే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. దీన్ని అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి జారడం, పెద్ద గడ్డలు, లోపల ఇన్‌ఫెక్షన్ వున్నప్పుడు నడుము కింది భాగంలో నొప్పి వుండవచ్చు. అప్పుడు అధిక రక్తస్రావమో, కింద ఏదో జారినట్టుండటమో, జ్వరమో, ముట్టు సమయంలో విపరీతమైన నొప్పో తోడుగా వుంటాయి. వాటిలో చాలావాటికి మందులతోనే వైద్యం వుంది. వంగితే, బరువెత్తితే పెరిగే నొప్పి గర్భసంచిది కాదు. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కసారిగా వచ్చి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అండాశయాలు వుంచినా ఆ స్థితి కొన్నేళ్ళు ముందే రావచ్చు. నడుము నొప్పి పోతుందని తీయించుకుంటే, లేని నడుము నొప్పిని ముందుముందుకు కొనుక్కున్నట్టే.

ఆమెను, ఆమె భర్తను వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల డాక్టరుకు చూపించాము. గర్భసంచి బాగానే వుంది. తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చింది, భార్యాభర్తలిద్దరికీ మాత్రలు ఇచ్చారు. నడుముకు పైన చెప్పిన వ్యాయామాలే. మూడు నెలల తర్వాత కనబడితే అడిగాను. "మొత్తం పోలేదక్కా. నాట్లప్పుడు నొస్తంది. గాని లేవగలుగుతున్నా" అంది. బంగారం విడిపించుకున్నారు. ఎవరైనా గర్భసంచి తీయాలంటే వెంటనే ఒప్పుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో డాక్టరు మాట వినండి.

ఇవి వుంటే ఇంట్లో కూర్చోవద్దు

మూత్రం బిగుసుకుపోయినా, మూత్రమో మలమో తెలియకుండా పోతున్నా, తొడల సందున మొద్దుబారినా, కాళ్ళు పట్టు తప్పుతున్నా అదే రోజు ఆసుపత్రికి చేరాలి. 108కి ఫోన్ చేయండి. నరాల మీద వత్తిడి పడిందని గుర్తు. ఆలస్యమైతే ఆ నష్టం తిరిగి రాదు.

తుంటి నుంచి పిక్క దాకా జివ్వున లాగే నొప్పి వేరు. అది డిస్కు నరాన్ని తాకడం వల్ల వస్తుంది. భయపెడుతుంది గాని ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కాలి బలం తగ్గుతుంటే మాత్రం చూపించాలి.

సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి, వెన్ను మీద ఒకచోట పొంగు కనబడితే వెన్నెముక క్షయ కావచ్చు. క్షయ ఊపిరితిత్తులకే రాదు, ఎముకకూ వస్తుంది. పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మధ్యలో మానకుండా వాడితే నయమవుతుంది, వదిలేస్తే గూని, కాళ్ళు పడిపోవడం. పక్కటెముకల కింద నొప్పి, చలిజ్వరం, మూత్రంలో మంట కలిసి వస్తే మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్. కడుపుతో వున్నవాళ్ళకు నడుము నొప్పి తెరలు తెరలుగా వచ్చి పోతుంటే అది నెలలు నిండని కాన్పు నొప్పి కావచ్చు. పెద్దవాళ్ళు జారిపడ్డాక వచ్చిన నొప్పి, గతంలో క్యాన్సర్ వైద్యం జరిగినవాళ్ళకు కొత్తగా వచ్చిన నొప్పి కూడా నిర్లక్ష్యం చేయవద్దు.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల వారికి, నల్గొండ వైపు బంధువులున్న వారికి ప్రత్యేకంగా చెప్పాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వెన్ను బిగుసుకుపోతుంది. మెడ తిప్పలేరు, వంగి నేల మీది వస్తువు తీయలేరు, పళ్ళ మీద గోధుమ రంగు చారలుంటాయి. మన దేశంలో ఈ జబ్బును డాక్టర్లు 1937లో వివరంగా రాసింది, అప్పుడు నెల్లూరు జిల్లాలో వున్న ఈ ప్రాంతపు ఊళ్ళను చూసే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ వుండకూడదు. దీనికి మందు లేదు, నీరు మార్చడమే. బోరు నీటిని పరీక్ష చేయించి, తాగడానికీ వంటకూ మంచినీళ్ళే వాడండి. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు రోజూ తినండి.

ఆరోగ్య కేంద్రానికి వచ్చేటప్పుడు భార్యాభర్తలిద్దరూ రండి. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ పని చేస్తే పెరుగుతోందో, రాత్రి నిద్ర పడుతోందో లేదో అనుకుని రండి. పాత చీటీలతో పాటు, ఇంతవరకు వాడిన మాత్రల అట్టలు కూడా, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని తెండి. అట్ట లేని పొట్లం మాత్ర మిగిలి వుంటే అదీ తెండి.